బెల్టు అరిస్తే తప్పు బెల్టుదేనా?

అలిపిరి చెక్‌పోస్టు దగ్గర క్యూలో ఉన్నాం. మే నెల, పొద్దున పదకొండు గంటలు, ఏసీ నాలుగో నంబరు మీద తిరుగుతోంది. బోనెట్ లోపలినుంచి కిచ్, కిచ్, కిచ్ అని మొదలైంది. ఆగీ ఆగకుండా, ఒకే తాళంలో. పక్క వరసలో ఉన్న జీపు డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏమన్నా, బోనెట్లో పిచ్చుకలు గూడు పెట్టుకోనుండాయా?" అన్నాడు. వెనక సీట్లో మా అత్తమ్మ గోవింద నామాలు ఆపి మరీ నవ్వింది.

అప్పటికి మా కారుకు ఆ ఫ్యాన్ బెల్టు వేయించి మూడు నెలలు కాలేదు. అదీ రెండో బెల్టు. మొదటిది పోయిందని ఒక షెడ్డులో మార్చారు, నెల తిరక్కుండా మళ్లీ అరిచింది. "బెల్టు డూప్లికేటు అయ్యుంటుంది" అని వాళ్లే ఇంకోటి వేశారు. రెండుసార్లూ మార్చిన రోజు శబ్దం పూర్తిగా ఆగిపోయింది. మోసం జరిగేది అక్కడే. కొత్త రబ్బరుకు పట్టు బాగా ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు అసలు లోపాన్ని అదే మోస్తుంది. కాస్త నునుపుదేలగానే మళ్లీ గొంతెత్తుతుంది. ఆ తర్వాత నేను పట్టించుకుని చూసిన కార్లలో చాలావాటిలో అరిచింది బెల్టే కానీ, అరిపించింది పుల్లీల్లో, అంటే అది చుట్టుకుని తిరిగే చక్రాల్లో, ఏదో ఒకటి.

దీన్ని మనవాళ్లు ఇప్పటికీ ఫ్యాన్ బెల్టు అంటారు. అంబాసిడర్ రోజుల్లో రేడియేటర్ ముందున్న ఫ్యాన్‌ను నిజంగానే ఆ బెల్టు తిప్పేది. ఇప్పటి చిన్న కార్లలో ఫ్యాన్‌కు సొంత కరెంటు మోటారు ఉంటుంది, బెల్టుకు ఫ్యాన్‌తో సంబంధమే లేదు. పేరు మాత్రం మిగిలింది. కరెంటు పుట్టించి బ్యాటరీ నింపే ఆల్టర్నేటర్‌ను ఇంకా డైనమో అంటున్నట్టే. నేనూ ఇక్కడ డైనమో అనే అంటాను.

ఇంజన్ కింది భాగంలో, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు చివర, క్రాంక్ పుల్లీ ఉంటుంది. బెల్టును తిప్పేది అదొక్కటే, మిగతావన్నీ బెల్టు తిప్పితే తిరిగేవి. అందులో డైనమో, ఏసీ కంప్రెసర్ ఉంటాయి, చాలా ఇంజన్లలో వాటర్ పంపు కూడా ఉంటుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయితే దాని పంపు కూడా. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే బెల్టుకు ఆ బరువు లేదు. వీటి మధ్యలో పనేమీ చెయ్యనట్టు కనిపించే ఒకటి రెండు పుల్లీలుంటాయి. బెల్టు దారి మళ్లించేది ఐడ్లర్, స్ప్రింగుతో బెల్టును ఎప్పుడూ బిగువుగా ఉంచేది టెన్షనర్. అన్ని బండ్లకూ టెన్షనర్ ఉండదు, కొన్నిట్లో డైనమోనే పక్కకు జరిపి బోల్టు బిగిస్తారు.

బెల్టు లోపలి వైపు పొడుగునా గాళ్లు ఉంటాయి, పుల్లీల మీద వాటికి సరిపోయే గాళ్లు. షాపులో బెల్టు అడిగితే వీపు మీద నంబరు చూడమంటారు. 6 పీకే 1070 అంటే ఆరు గాళ్ల బెల్టు, పీకే అనే కొలత రకం, పొడుగు 1070 మిల్లీమీటర్లు. పీకే రకంలో గాడికీ గాడికీ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. ఇంత సన్నని గాళ్లలో బెల్టు వంకరగా దిగితే ఏమవుతుందో ముందు ముందు చూద్దాం.

ముందు పట్టు సంగతి. ఆవును కట్టేటప్పుడు పలుపును గుంజకు పావు చుట్టు తిప్పి పట్టుకుంటే ఆవు లాక్కెళ్లిపోతుంది. రెండు చుట్లు చుడితే చిన్నపిల్లాడు కూడా పట్టుకోగలడు. గుంజ అదే, తాడు అదే, చుట్టుకున్న మేర మాత్రం పెరిగింది. బెల్టుకూ ఇదే లెక్క. పుల్లీ చుట్టూ ఎంత మేర చుట్టుకుంది, ఎంత బిగువుగా ఉంది, రబ్బరు ఎంత గరుకుగా ఉంది అనే మూడింటి మీదే పట్టు ఆధారపడుతుంది. వరసలో డైనమో పుల్లీ అన్నిటికంటే చిన్నది. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేసరికి అది రెండున్నర, మూడు చుట్లు తిరుగుతుంది. బెల్టు ఆనే చోటు తక్కువ, వేగం ఎక్కువ. అందుకే జారడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. రాత్రి లైట్లు ఆపడం మరిచిపోయి బ్యాటరీ దిగిపోయిన మర్నాడు, ఎలాగో స్టార్టు చెయ్యగానే కారు కీఈఈచుమని అరవడం గుర్తుందా? ఖాళీ బ్యాటరీని నింపడానికి డైనమో ఒక్కసారిగా బరువెక్కుతుంది, వదులు బెల్టు దాని మీద జారుతుంది.

ఆ జారడం శబ్దం ఎందుకవుతుందంటే, రబ్బరు నేరుగా జారదు. పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, క్షణంలో వందల సార్లు. కొత్త చెప్పులతో గ్రానైట్ నేల మీద నడిస్తే వచ్చే కీచు కూడా ఇదే.

ఇక్కడే రెండు శబ్దాలను వేరు చెయ్యాలి. మనం రెంటినీ 'కీచు' అనేసి మెకానిక్‌కు అప్పజెప్పడం వల్లే సగం డబ్బు వృథా అవుతోందని నా అనుమానం. మొదటిది సాగిన అరుపు. ఏసీ వెయ్యగానే, స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కగానే కీఈఈమని వచ్చి, బరువు తగ్గగానే ఆగిపోతుంది. ఇది జారడం. రెండోది పిచ్చుక కూత. చిన్న చిన్న ముక్కలుగా, లయ తప్పకుండా వస్తుంది, ఇంజన్ వేగం పెరిగితే ముక్కలు దగ్గర దగ్గరవుతాయి. ఇది చాలాసార్లు బెల్టు గాళ్లలోకి వంకరగా దిగడం. పుల్లీ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా చాలు, పుల్లీ గాడి గోడను బెల్టు గాడి అంచు ప్రతి చుట్టులోనూ ఒరుసుకుంటూ దిగుతుంది. ఈ రెండూ కాక బేరింగుల గరగర ఉంది. అది బెల్టు గొంతు కానే కాదు.

మా బండిని చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్పానర్ పట్టకముందు అడిగినవి మూడు ప్రశ్నలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాక వస్తుందా? ఏసీ ఆపితే పోతుందా? ఇంజన్ ఆపేటప్పుడు ఏమన్నా శబ్దం వస్తుందా? మూడోది నన్ను ఎవరూ అడగలేదు. వస్తుంది. తాళం తిప్పగానే చిన్న కుయ్‌మన్న అరుపు. ఆయన తల ఊపి భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. తిరిగే బెల్టు దగ్గరికి తువ్వాలు, చున్నీ, చేతి గడియారం ఏవీ పోకూడదు.

తర్వాత ఒక ఖాళీ నీళ్ల సీసా తీసుకుని, మూతకు మేకుతో చిల్లి కొట్టి, నీళ్లు నింపాడు. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా, చెయ్యి దూరంగా పెట్టి, బెల్టు గాళ్లున్న వైపు సన్నగా ఒక ధార కొట్టాడు. కూత ఆగింది. ఐదారు క్షణాలకు బెల్టు ఆరగానే మళ్లీ మొదలైంది.

ఈ నీళ్ల పరీక్ష చాలా పాతది, మంచిది. నీళ్లు పడగానే కూత ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరస తేడా వైపు చూడాలి. నీళ్లు పడగానే అరుపు ఇంకా పెద్దదైతే బిగువు చాలడం లేదు, నీళ్లు ఉన్న కాస్త పట్టునూ తీసేశాయి. ఏ మార్పూ లేకపోతే అది బెల్టు శబ్దమే కాదు, బేరింగులు వెతకాలి. చెంబుతో కుమ్మరించకూడదు. డైనమో కన్నాల్లోకి నీళ్లు పోతే కొత్త ఖర్చు.

మా బండికి ఒక స్టీలు స్కేలు అన్ని పుల్లీల ముఖాలకూ ఆనించి చూశాడు. వరస తిన్నగానే ఉంది. నేను అయోమయంగా చూస్తుంటే, "పుల్లీలు కాదు నాయనా, ఆ చెయ్యి జూడు" అన్నాడు. టెన్షనర్ చెయ్యి చలిజ్వరం వచ్చినవాడి చెయ్యిలా టకటకా వణుకుతోంది. బాగున్న బండిలో అది దాదాపు కదలకుండా ఉండాలి, మహా అయితే సన్నగా ఊగాలి. అంతగా వణుకుతోందంటే బెల్టును ఎవరో కుదుపుతున్నారు. టెన్షనర్ లోపలి బ్రేకు అరిగిపోయి ఆ కుదుపును ఆపలేకపోవచ్చు, క్రాంక్ పుల్లీలో రబ్బరు పోయి ఉండవచ్చు, లేదా డైనమో పుల్లీ బిగుసుకుపోయి ఉండవచ్చు.

ఆ మూడోది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ షెడ్లలో దీన్ని చూడను కూడా చూడరు. నాలుగు సిలిండర్ల ఇంజన్ సమానంగా తిరగదు. క్రాంక్ ఒక చుట్టు తిరిగే లోపు రెండుసార్లు మండుతుంది, మండినప్పుడల్లా ముందుకు ఉరుకుతుంది, మధ్యలో నెమ్మదిస్తుంది. డీజిల్‌లో ఈ ఉరుకు ఇంకా గట్టిది. డైనమో లోపల తిరిగే రాగి, ఇనుము బరువైనవి, పైగా మూడింతల వేగంతో తిరుగుతున్నాయి. క్రాంక్ నెమ్మదించిన ఆ క్షణంలో బెల్టు నెమ్మదిస్తుంది, డైనమో మాత్రం ఆగనంటుంది. ఇద్దరి మధ్య నలిగేది బెల్టు. అందుకని చాలా డీజిల్ కార్లలో, కొన్ని పెట్రోలు కార్లలో కూడా డైనమో పుల్లీ లోపల సైకిల్ ఫ్రీవీలు లాంటి ఏర్పాటు ఉంటుంది. పెడల్ తొక్కితే చక్రం తిరుగుతుంది, తొక్కడం ఆపితే చక్రం తన దారిన తను తిరుగుతుంది. అలాగే బెల్టు లాగినప్పుడు డైనమో తిరుగుతుంది, బెల్టు నెమ్మదించినప్పుడు డైనమో తన వేగంతో పోతుంది. ఆ ఫ్రీవీలు దుమ్ముకో తుప్పుకో బిగుసుకుపోయిందనుకోండి, ఫ్రీవీలు లేని సైకిల్‌ను దిగువలో తొక్కినట్టు ప్రతి మంటకూ ఒక కుదుపు. ఇంజన్ ఆపినప్పుడు మా కారు కుయ్‌మన్నదీ అందుకే. ఇంజన్ ఆగింది, డైనమో ఆగలేదు, బెల్టు దాని మీద ఈడ్చుకుపోయింది.

మేస్త్రీ బెల్టు తీసేసి, పదిహేను క్షణాలు ఇంజన్ నడిపించాడు. నిశ్శబ్దం. అంటే శబ్దం ఇంజన్ లోపలిది కాదని తేలింది. ఈ పని అంతకంటే ఎక్కువసేపు చెయ్యకూడదు, వాటర్ పంపు తిరగదు కాబట్టి. ఇంజన్ ఆపాక పుల్లీలన్నీ ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూశాడు. ఐడ్లర్‌ను తిప్పి వదిలితే కొద్దిగా తిరిగి మెత్తగా ఆగాలి, లోపల గ్రీజు ఉంటే అలాగే ఆగుతుంది. బొంగరంలా చాలాసేపు సర్రుమని తిరిగిందంటే మంచిది కాదు, గ్రీజు ఎండిపోయింది. ఇసుక నమిలినట్టు అనిపిస్తే బేరింగు పోయింది. డైనమో పుల్లీని, లోపలి భాగం తిరక్కుండా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూడాలి. ఒక వైపు స్వేచ్ఛగా తిరగాలి, రెండో వైపు పట్టుకోవాలి. స్ప్రింగు కూడా ఉన్న రకమైతే పట్టుకునే వైపు స్ప్రింగు లాగినట్టు ఉంటుంది. మాది రెండు వైపులా రాయిలా ఉంది. అయితే ఫ్రీవీలు లేని మామూలు పుల్లీ ఉన్న కార్లు చాలానే ఉన్నాయి, వాటికి రెండు వైపులా పట్టుకోవడమే సహజం. ముందు ఏ రకమో తెలుసుకోకుండా ఈ పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

పుల్లీ మార్చడానికి పళ్లున్న ప్రత్యేకమైన టూలు కావాలి, అది ఉంటే అరగంట పని. కొత్త పుల్లీ బిగించి, మూడు నెలల ఆ బెల్టునే తుడిచి మళ్లీ వేశాడు. "బెల్టు ఏం జేసింది పాపం" అన్నాడు. అప్పటినుంచి కూత లేదు.

మీ బండిలో దొంగ ఇంకెవరైనా కావచ్చు. నేను చూసినవాటిలో సిగ్గుపడాల్సినంత మామూలు తప్పు, బెల్టును ఒక గాడి పక్కకు వెయ్యడం. ఆరు గాళ్ల బెల్టు ఐదు గాళ్ల మీదే కూర్చుని, ఆరోది అంచున వేలాడుతుంది. కొత్త బెల్టు వేయించిన రోజే అరుపు మొదలైతే ముందు టార్చి వేసి ప్రతి పుల్లీ దగ్గరా రెండు అంచులూ చూడండి. వాటర్ పంపో డైనమోనో ఈమధ్య మార్చి ఉంటే ఆ పుల్లీ లోపలికో బయటికో కాస్త జరిగి ఉండవచ్చు, బోల్టు వదులై ఉండవచ్చు. క్రాంక్ పుల్లీ చాలా ఇంజన్లలో ఒకే ముక్క కాదు, మధ్య ఇనుముకూ బయటి వలయానికీ నడుమ రబ్బరు పొర ఉంటుంది. ఆ రబ్బరు ఊడితే బయటి వలయం ఊగుతుంది. మధ్య భాగం నుంచి బయటి వలయం దాకా తిన్నగా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, నాలుగు రోజులు బండి నడిపి మళ్లీ చూడండి. గీత రెండు ముక్కలుగా పక్కకు జరిగి ఉంటే పుల్లీ మార్చాల్సిందే, ఆలస్యం చెయ్యకండి.

బేరింగు గరగర ఎక్కడిదో కనుక్కోవడానికి పొడుగు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, మొన కదలని భాగానికి, అంటే డైనమో బాడీకో పంపు బాడీకో తాకిస్తారు. చెడ్డదాని దగ్గర చెవిలో రోడ్డు రోలరు పోయినట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్లు చెయ్యదగ్గ పని కాదు. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధుల్లో నీళ్లలో నానిన బండ్లకు ఈ బాధ ఎక్కువ. నీళ్లు ఇంకిపోతాయి, బేరింగు లోపల చేరిన మట్టి మాత్రం గ్రీజును మెల్లగా తినేస్తుంది.

చిత్తూరు వైపు గ్రానైట్ లారీల వెనకాల రోజూ తిరిగేవాళ్లకు ఇంకో సంగతి. ఆ పొడి బెల్టు గాళ్లలో గట్టిపడి కూర్చుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తోమితే కొన్నిసార్లు అరుపు అక్కడితో ఆగిపోతుంది. వానాకాలం పొద్దున మొదటి అర నిమిషం కీచుమని, ఆరగానే ఆగిపోయే కారు గురించైతే నేను టెన్షన్ పడను.

బెల్టు నిజంగానే పోయిందా అని చూసే పద్ధతి మారిపోయింది, పాత అలవాటు మాత్రం పోలేదు. ఒకప్పటి నియోప్రీన్ బెల్టులు వయసైపోగానే పగుళ్లు చూపించేవి. ఇప్పటివి ఈపీడీఎమ్ అనే రబ్బరు. ఇది ఎండకూ వేడికీ బాగా ఓర్చుకుంటుంది, అంత తేలిగ్గా పగలదు, టైరులా నిశ్శబ్దంగా అరుగుతుంది. గాళ్లు అరిగి బెల్టు పుల్లీలో లోతుగా కూర్చుంటే పక్క గోడల పట్టు పోతుంది. కాబట్టి "పగుళ్లేమీ లేవు కదా" అన్న మాట ఇప్పుడు పనికిరాదు. గాళ్ల లోతు కొలిచే చిన్న ప్లాస్టిక్ గేజి ఉంటుంది, లేదంటే పాత బెల్టు పక్కన కొత్తది పెట్టి చూస్తే కళ్లకే తేడా తెలుస్తుంది.

అదే ఈపీడీఎమ్‌కు నూనె పడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. వాటర్ సర్వీసులో ఇంజన్ మెరవాలని డీజిల్ స్ప్రే కొట్టించుకునే అలవాటు మనకు బాగా ఉంది. ఆ తర్వాతి వారం బెల్టు అరుస్తోందని వస్తే ఎవర్ని అనాలి? ఇంజన్ ఆయిలో కూలెంటో కారి బెల్టు మీద పడుతుంటే ఆ కారడం ఆపకుండా బెల్టు మార్చడం వృథా. సబ్బు ముక్క రుద్దడం, కొవ్వొత్తి రుద్దడం, డబ్బాలో దొరికే జిగురు స్ప్రే కొట్టడం, ఇవన్నీ శబ్దాన్ని ఆపుతాయి, నాలుగు రోజులు. ఆ తర్వాత ఆ జిగురుకు దుమ్మంతా అంటుకుని గాళ్లు నిండుతాయి. నాకు మాత్రం వీటికంటే, అరుస్తుందని గట్టిగా బిగించేసే చెయ్యి ఎక్కువ భయం. బోల్టుతో బిగించే బండిలో బెల్టును వీణ తీగలా లాగి కట్టేస్తే అరుపు ఆగుతుంది నిజమే. ఆ లాగుడంతా డైనమో బేరింగు, వాటర్ పంపు బేరింగు మోస్తాయి, అవి పోయినప్పుడు బిల్లు బెల్టు బిల్లులా ఉండదు. ఎంత బిగించాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది, పొడుగాటి మధ్య భాగంలో బొటనవేలితో నొక్కితే ఇన్ని మిల్లీమీటర్లు దిగాలని రాసి ఉంటుంది.

వాల్వులను వేళకు తెరిచి మూయించే టైమింగ్ బెల్టు వేరు. అది కవరు లోపల దాక్కుని ఉంటుంది, చాలా ఇంజన్లలో దాని చోట చెయినే ఉంటుంది. నీళ్ల సీసా పరీక్ష దాని జోలికి పోకూడదు. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

బయటున్న ఈ ఫ్యాన్ బెల్టు కొండ మీద తెగితే ఏం జరుగుతుందో తిరుపతిలో బండి నడిపేవాళ్లు తెలుసుకుని ఉండాలి. ముందు ఎర్రటి బ్యాటరీ లైటు వెలుగుతుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే ఒక్కసారిగా బరువెక్కుతుంది, మలుపులో అది చిన్న విషయం కాదు. వాటర్ పంపు ఆ బెల్టు మీదే ఉంటే, ఎక్కే ఘాట్‌లో నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. వీలైన మొదటి చోట పక్కకు ఆపి ఇంజన్ ఆపెయ్యాలి, "ఇంకో రెండు మలుపులే కదా" అనుకోకూడదు. పంపు ఆ బెల్టు మీద లేకపోతే ఏసీ, స్టీరియో ఆపేసి బ్యాటరీలో ఉన్నదానితో కొద్ది దూరం పోవచ్చు. దిగే ఘాట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకుకు బలం ఇచ్చే వ్యాక్యూమ్ పంపు డైనమో వెనకే బిగించి ఉంటుంది. బెల్టు తెగితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు పెడల్ రాయిలా అవుతుంది. బ్రేకు ఉంటుంది, కాని రెండు కాళ్ల బలం పెట్టి తొక్కాల్సి వస్తుంది. మీ బండిలో ఆ పంపు ఎక్కడుందో కొండ ఎక్కకముందే మెకానిక్‌ను అడగండి. దిగేటప్పుడు బ్యాటరీ లైటు వెలిగితే పెడల్‌ను పదే పదే తొక్కి వదలకుండా, వెంటనే గేరు తగ్గించి, ఒక్కసారి గట్టిగా నొక్కిపట్టి కొండ వైపు పక్కకు ఆపాలి.